ఎయిర్‌బ్యాగ్ ఉంది కదా అని బెల్టు వదిలేయకండి

అమెరికా వచ్చి కొత్తగా కారు కొనుక్కున్న మనవాళ్లు తరచూ అడిగే సందేహం ఇది: కారు నిండా ఎయిర్‌బ్యాగులే కదా, పక్క వీధికి వెళ్లడానికి కూడా బెల్టు పెట్టుకోవాలా? పెట్టుకోవాలి. బెల్టు లేకపోతే ఆ బ్యాగే మిమ్మల్ని దెబ్బ తీస్తుంది.

ఎలాగంటే, ముందువైపు గట్టి దెబ్బ తగిలి కారు వేగం ఒక్కసారిగా పడిపోగానే సెన్సార్లు పసిగడతాయి, సంచిని ఉబ్బించే ఇన్‌ఫ్లేటర్ అనే పరికరంలో పేలుడు మందు అంటుకుని గ్యాస్ పుడుతుంది, సంచి గంటకు 300 కిలోమీటర్ల దాకా వేగంతో బయటికి తన్నుకొస్తుంది. ఇదంతా రెప్పపాటు కూడా పట్టదు. పూర్తిగా ఉబ్బాక వెనక చిల్లుల్లోంచి గ్యాస్ పోతూ అది మెత్తబడుతుంది, మీ తల అప్పుడు ఆనాలి. బెల్టు లేనివాళ్లు బ్రేకు పడినప్పుడే ముందుకు జారిపోయి, అది ఇంకా ఉబ్బుతుండగానే దాని మీద పడతారు. మెడకి, ఛాతీకి పెద్ద గాయాలయ్యేది అక్కడే.

కాబట్టి దూరం ముఖ్యం. కొత్తగా డ్రైవింగ్ నేర్చుకునేవాళ్లు భయంతో స్టీరింగ్‌కి ఆనుకుపోయి కూర్చుంటారు, ముఖ్యంగా పొట్టిగా ఉన్నవాళ్లు. ఒకసారి టేపు పట్టి కొలవండి, స్టీరింగ్ మధ్య భాగం నుంచి మీ ఛాతీ ఎముక దాకా కనీసం 10 అంగుళాలు ఉండాలి. సీటు వెనక్కి జరపండి, పెడల్ అందకపోతే సీటు వీపు కొంచెం వెనక్కి వాల్చండి, స్టీరింగ్ ఎత్తు మార్చుకునే వీలుంటే అది మీ ముఖానికి కాకుండా ఛాతీకి ఎదురుగా ఉండేలా దించండి. చేతులు గడియారంలో 9, 3 ఉండే చోట పెట్టుకోవాలి. స్టీరింగ్‌కి అడ్డంగా చెయ్యి వేసి తిప్పితే, బ్యాగ్ విచ్చుకున్నప్పుడు ఆ చెయ్యే వచ్చి ముఖానికి కొడుతుంది.

పిల్లల సంగతి మరీ జాగ్రత్త. వెనక్కి తిరిగి ఉండే చంటిపిల్లల సీటుని ముందు ఎయిర్‌బ్యాగ్ ఎదురుగా ఎప్పుడూ పెట్టకండి, పాప తల సరిగ్గా డాష్‌బోర్డ్ దగ్గరికి వస్తుంది. 13 ఏళ్లు నిండేదాకా వెనక సీటే. మనల్ని చూడ్డానికి వచ్చిన అమ్మమ్మో నానమ్మో మనవణ్ణి ఒళ్లో పెట్టుకుని ముందు కూర్చుంటానని ముచ్చటపడతారు. నొచ్చుకున్నా సరే, ఒప్పుకోవద్దు. దూర ప్రయాణాల్లో కాళ్లు డాష్‌బోర్డ్ మీద పెట్టే అలవాటుంటే అదీ మానుకోండి, బ్యాగ్ తెరుచుకుంటే మోకాళ్లు ముఖం మీదికొస్తాయి.

ఇక పాత కారు కొనేటప్పుడు. స్టార్ట్ చేయగానే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి, కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. ఆరకపోయినా, అసలు వెలగకపోయినా ఏదో తేడా ఉన్నట్టే, మెకానిక్‌కి చూపించకుండా డబ్బు ఇవ్వకండి. తకాటా అనే ఎయిర్‌బ్యాగ్ కంపెనీ ఇన్‌ఫ్లేటర్లు కొన్ని వేడికి, తేమకి లోపలి మందు పాడై పేలిపోయి, ఇనుప ముక్కలు ఎగిరి మనుషుల ప్రాణాలు తీశాయి. అమెరికాలోనే అలాంటివి దాదాపు 6.7 కోట్లు రీకాల్ చేశారు, అంటే లోపం ఉందని మార్చడానికి వెనక్కి పిలిచారు, వాటిలో మార్చకుండా మిగిలినవి ఇంకా రోడ్ల మీద తిరుగుతున్నాయి. కారు ముందు అద్దానికి డ్రైవర్ వైపు కింద మూలలో విన్ నంబరు, అంటే ఆ కారుకే ప్రత్యేకమైన, అక్షరాలు, అంకెలు కలిపి 17 ఉండే గుర్తింపు సంఖ్య, కనిపిస్తుంది, దాన్ని అమెరికా ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ (NHTSA) వెబ్‌సైట్లో కొట్టి చూడండి. రీకాల్ ఉందని వస్తే ఆ బ్రాండు డీలర్‌కి ఫోన్ చేయండి, ఉచితంగానే మార్చి ఇస్తారు.