పాత మట్టి పారబోయాలా? (మిద్దెతోట: మీ ప్రశ్నలు, మా జవాబులు)

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా మట్టి మీదనే ఉన్నయ్. చలికాలం పంటలు అయిపోయి కుండీలు ఖాళీ అయ్యే టైమ్ కదా, అందరికీ ఒకటే డౌట్, ఈ పాత మట్టిని ఏం చేయాలి అని. అందుకే చీడపీడల ప్రశ్నలు వచ్చే నెలకు జరిపి ఈసారి మొత్తం మట్టికే ఇచ్చిన.

*ప్రశ్న: అక్కా నమస్తే. మాది హనుమకొండ, నయీంనగర్ దిక్కు. డాబా మీద గ్రో బ్యాగుల్ల కూరగాయలు పెంచవట్టి మూడేండ్లు అయితుంది. మొదటి ఏడు టమాట, వంకాయ మస్తుగ కాసింది. ఇప్పుడు మట్టి సగం దాకా కుంగిపోయింది, పైన పెచ్చు కట్టింది, నీళ్లు పోస్తే అంచుల పొంటి జారి కిందికి పోతున్నయ్ గానీ లోపలికి ఇంకుతలేవు. పక్కింటోళ్లు ఇదంత పారబోసి కొత్త మిక్స్ కొనుక్కోమంటున్నరు. నిజంగ పారబోయాల్నా?*

అస్సలు పారబోయకండి చెల్లె. మీరు డబ్బులు పెట్టి కొన్న ఎర్రమట్టి, ఇసుక ఎక్కడికీ పోలేదు, అక్కడనే ఉన్నయ్. పోయింది అందులో కలిపిన పెంట ఎరువు, కోకోపీట్ (కొబ్బరిపీచు పొడి). అవి మెల్లగ కుళ్లి కరిగిపోతయ్, అందుకే మట్టి సగానికి దిగింది. అవి ఉన్నప్పుడు మట్టిల సందులు ఉంటయ్, ఆ సందుల్ల గాలి ఉంటది, వేర్లకు నీళ్లు ఎంత ముఖ్యమో గాలి గంతే ముఖ్యం. అవి పోయినంక సన్నటి మట్టి దగ్గరికొచ్చి గట్టిపడుతది. ఇక కోకోపీట్ ఒక్కసారి పూర్తిగ ఎండిపోతే నీళ్లను దగ్గరికి రానియ్యదు, అంచుల నుంచి జారిపోతున్నయ్ అన్నరు కదా, కారణం అదే. నత్రజని, పొటాష్ అయితే కొంత చెట్టు తినేసింది, కొంత మీరు రోజూ పోసే నీళ్లతోని అడుగు బొక్కల నుంచి కొట్టుకపోయింది.

అంటే మీ మట్టికి కావాల్సింది తిండి, గాలి. కానీ అవి కలిపే ముందు ఒక పని చేయాలె, ఇదొక్కటి మాత్రం అందరూ పట్టుకోవాలని నా కోరిక. బ్యాగును బోర్లించి వేర్లను చూడండి. పాత మొక్కను పీకి అవతల పారేసి మట్టి కలుపుకోవుడు కాదు, వేరును బకెట్ నీళ్లల్ల కడిగి వెలుతురుల పెట్టి చూడాలె. తెల్లగనో లేత గోధుమ రంగులనో ఉండి గట్టిగ ఉంటే ఆ మట్టికి రోగం లేదు, ఎరువు కలిపి మళ్లీ వాడుకోవచ్చు. నల్లగ మెత్తబడి, పట్టుకుంటే పై తోలు ఊడొచ్చి లోపల సన్న దారం మిగిలితే అది వేరుకుళ్లు. వేరు మీద గడ్డలు గడ్డలు ఉంటే నులిపురుగు, అంటే వేర్లల్ల చేరే కంటికి కనిపించనంత సన్న పురుగు (నెమటోడ్).

గడ్డలంటే ఇంకోటి చెప్పాలె. చిక్కుడు, బొబ్బర్లు, పెసర్ల వేర్లకు కూడ బుడిపెలు ఉంటయ్, అవి చూసి భయపడి మట్టి పారబోసినోళ్లు ఉన్నరు. అవి మంచివి, గాలిల ఉన్న నత్రజనిని పట్టి పెట్టే బాక్టీరియా ఇండ్లు అవి. తేడా ఎట్ల తెలుస్తదంటే, మంచి బుడిపె వేరుకు పక్కన అతికించినట్టు ఉంటది, గోటితో గీకితే ఊడొస్తది, నలిపితే లోపల గులాబీ రంగు కనిపిస్తది. నులిపురుగు గడ్డ అట్ల ఊడదు, అసలు వేరు వాచి లావైతది, గీకితే ఆ వేరు తెగుతది. టమాట, వంకాయ, బెండ, కాకర, బీర వేర్లకు బుడిపెలు కనిపిస్తే మాత్రం రెండో ఆలోచన అక్కర్లేదు, అది నులిపురుగే.

రోగం లేని మట్టి అయితే ఇట్ల చేయండి. మట్టిని డాబా మీద పాత ఫ్లెక్సీ పరిచి పోసుకోండి, పెద్ద గడ్డలు చేత్తో చిదుముకోండి, మొద్దు వేర్లు ఏరేయండి, సన్న వేర్లు ఉన్నా ఏం కాదు, అవే కుళ్లి ఎరువైతయ్. తెల్లగ లావుగ వంకర తిరిగి పండుకున్న వేరుపురుగులు కనిపిస్తే ఏరి కాకులకు వేయండి. తర్వాత పాత మట్టి 6 గమేళాలకు బాగ మాగిన పెంట ఎరువు గానీ వర్మీకంపోస్ట్ గానీ 3 గమేళాలు, ఊక 1 గమేళా, వేపపిండి గమేళాకు ఒక గుప్పెడు. ఊక కోసం మనకు తిరుగుడేం లేదు, ఏ రైస్ మిల్లుకు పోయినా ఒక సంచి ఇస్తరు. ఊకల సిలికా ఎక్కువ కాబట్టి తొందరగ కుళ్లదు, మట్టిని ఎక్కువ రోజులు గుల్లగ ఉంచుతది. కాల్చిన నల్ల ఊక దొరికితే ఇంకా మంచిది, పచ్చి ఊకల మిగిలిన వడ్లు మొలకెత్తుతయ్ గంతే, పీకేయండి.

పెంట ఎరువు మాగిందా లేదా అనేది మాత్రం చూసుకోండి. పేడ వాసన వచ్చినా, చెయ్యి పెడితే వేడిగ తగిలినా వద్దు, వేర్లు మాడిపోతయ్, వేరుపురుగు కూడ దాంతోనే వస్తది. నల్లగ, పొడిపొడిగ, వాన పడ్డ మట్టి వాసన వస్తే అది మాగినట్టు. కలిపిన మట్టిని తడిపి నీడల పదిహేను రోజులు కుప్పగ పెట్టి, మధ్యల ఒకసారి తిరగేసి అప్పుడు బ్యాగుల్ల నింపండి. వేపపిండి కలిపిన రోజే నారు పెట్టొద్దు.

*ప్రశ్న: అక్కా, మాది నర్సంపేట. కుండీలల్ల చపాట మిర్చి పెడుతున్న. మొదటిసారి మంచిగ వచ్చినయ్. అదే మట్టిల మళ్లీ పెడితే పూత టైమ్‌కు చెట్లు పచ్చగ ఉండంగనే వాడి చచ్చిపోతున్నయ్. ఎరువు తక్కువైందని ఇంకింత వేసిన, అయినా అంతే.*

తమ్మీ, ఎరువుకు దీనికి సంబంధం లేదు. చపాట పెట్టినందుకు చాలా సంతోషం అనిపించింది, టమాట లెక్క గుండ్రంగ ఉబ్బి ఎర్రటి రంగు, తక్కువ కారం ఉండే ఆ కాయ మన వరంగల్‌ది, 2025ల జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడ వచ్చింది. దాన్ని పోగొట్టుకోవద్దు.

పచ్చగ ఉన్న చెట్టు ఉన్నట్టుండి వాడిపోతే అది ఎండుతెగులు. అయితే బూజు వల్ల అన్నా కావచ్చు, బాక్టీరియా వల్ల అన్నా కావచ్చు. ఇంట్లనే తెలుసుకోవచ్చు. వాడిన చెట్టు కాండాన్ని మొదలు దగ్గర నాలుగు వేళ్ల పొడుగు కోసి, గాజు గ్లాసుల శుభ్రమైన నీళ్లు పోసి కోసిన కొస నీళ్లల్ల మునిగేటట్టు పట్టుకోండి, కదిలించొద్దు. కొన్ని నిమిషాల్ల ఆ కొస నుంచి పాల లాంటి తెల్లటి దారం కిందికి దిగితే అది బాక్టీరియా. అప్పుడు మాత్రం నేను ఉంచుకోమని చెప్ప, ఆ కుండీ మట్టిని కూరగాయలకు దూరంగ పారబోయండి, కుండీని బ్లీచింగ్ నీళ్లతోని కడగండి. ఆ పార, ఆ గమేళా కూడ కడగాలె, చాలామంది ఇది మర్చిపోయి వేరే కుండీలకు అంటిస్తరు.

దారం రాకపోతే, కాండాన్ని నిలువుగ చీల్చితే లోపల గోధుమ రంగు గీతలు ఉంటే, అది బూజు. ఆ మట్టికి వైద్యం ఉంది, ఆ వైద్యం మన ఎండ. మే నెలల మన దగ్గర 43, 44 డిగ్రీలు కొడుతది, డాబా స్లాబ్ మీద చెప్పులు లేకుండ నిలబడలేం. మట్టిని ముద్ద చేస్తే ముద్ద కావాలె, పిండితే నీళ్లు కారొద్దు, అంత తడిపి లోపలి మట్టి కనిపించేంత పల్చటి తెల్లటి పాలిథిన్ సంచుల్ల జానెడు మందం కంటే ఎక్కువ లేకుండ నింపి, మూతి గట్టిగ కట్టి, పొద్దంత ఎండ పడే చోట పరచండి. నల్ల కవర్ వద్దు, ఎండ కవర్ మీదనే ఆగిపోతది, తెల్లదైతే వేడి లోపలికి దిగి అక్కడనే ఉంటది. పొడి మట్టిని ఎండబెట్టుడు కూడ దీని కింద లెక్క కాదు, తడి ఉంటెనే వేడి లోపలి దాక పోతది, బూజు గింజలు కూడ తడిలనే మేల్కొని చస్తయ్. నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచాలె, మధ్యల ఒకటి రెండుసార్లు సంచులు తిరగేయాలె. ఏప్రిల్ చివర్ల మొదలుపెడితే రోహిణి కార్తె ఎండలు కూడ కలిసొస్తయ్, మృగశిర వానలు పడేసరికి అయిపోతది.

ఎండబెట్టినంక మట్టి ఖాళీ అయితది, చెడ్డవాటితో పాటు మంచివి కూడ కొన్ని పోతయ్. అందుకే వెంటనే ట్రైకోడెర్మా (రోగం బూజును అణిచే మంచి బూజు) పట్టించాలె. 10 కిలోల మాగిన పెంట ఎరువు, 1 కిలో వేపపిండి, 200 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి పొడి కలిపి, తడి చల్లి, తడి గోనెసంచి కప్పి నీడల పది పదిహేను రోజులు పెట్టండి, పైన పచ్చటి బూజు లేస్తది, అప్పుడు మట్టిల కలపండి. అది ప్రాణం ఉన్న మందు కాబట్టి షాపుల డేట్ చూసి తీసుకోండి, బూజును చంపే మందులు దాంతో కలపొద్దు. ఎండబెట్టే ముందు మాత్రం వేయొద్దు, అది కూడ చస్తది.

ఇంత చేసినా ఆ మట్టిల ఈ ఏడు మిర్చి పెట్టకండి. మిర్చి, టమాట, వంకాయ, అలుగడ్డ నాలుగూ ఒక్క కుటుంబమే, ఒకదాని రోగం ఇంకోదానికి వస్తది. ఆ కుండీల పాలకూర, మెంతి, కోతిమీర, పుంటికూర వేసుకోండి, మిర్చికి వేరే మట్టి చూడండి. డౌట్ ఉంటే వాడిన చెట్టును వేరుతో సహా కవర్‌ల పెట్టుకొని మామునూరు కృషి విజ్ఞాన కేంద్రానికి తీసుకపోయి చూపియ్యండి.

*ప్రశ్న: వేర్లకు గడ్డలు ఉన్నయ్, బెండకాయ చెట్టు గిడసబారింది. వానకాలంల అయితే మట్టి ఎండబెట్టుడు కుదరదు, అప్పుడు ఏం చేయాలె? (పెద్దపల్లి నుంచి ఒక పాఠకురాలు)*

బంతి వేయండి. నులిపురుగును తగ్గించే గుణం బంతి వేర్లకు ఉంది, ముఖ్యంగ పొట్టి బంతికి. కానీ అంచుకు ఒక మొక్క పెడితే పని కాదు, కుండీ నిండ దట్టంగ పెట్టాలె, కనీసం రెండు మూడు నెలలు పెరగాలె. జూన్, జులైల వేస్తే బతుకమ్మకు పూలు మీవే, పండుగ అయినంక చెట్లను సన్నగ నరికి అదే మట్టిల కలిపి నీళ్లు చల్లి మూడు వారాలు వదిలేయండి. వేపపిండి రెండు గుప్పెళ్లు కూడ కలపండి. నులిపురుగు మొత్తానికి పోదు, చెట్టు తట్టుకునేంత తగ్గుతది. ఆ మట్టిల బెండ, కాకర ఒక రెండు సీజన్లు వద్దు, ఎండకాలం రాంగనే పైన చెప్పిన పాలిథిన్ పద్ధతి కూడ చేయండి.

*ప్రశ్న: గోదావరిఖని నుంచి రాస్తున్న. పాత మట్టిల బూడిద కలిపితే బలం అంటరు, మాకు బొగ్గు బూడిద ఫ్రీగ దొరుకుతది. చెరువు మట్టి కూడ తెచ్చుకోవచ్చు. రెండూ కలపనా?*

బొగ్గు బూడిద కూరగాయల కుండీల వద్దు అన్నా, ఎంత ఫ్రీగ వచ్చినా వద్దు. అందుల బోరాన్, ఆర్సెనిక్ లాంటివి ఉంటయ్, ఇటుకలకు మంచిది గానీ మనం తినే ఆకుకూరకు కాదు. బలం అని పెద్దలు చెప్పింది కట్టెల పొయ్యి బూడిద, దాంట్ల పొటాష్ ఉంటది. అదన్నా కుండీకి ఒక చెంచా, ఏడాదికి రెండుసార్లు చాలు, ఎక్కువైతే మట్టి సున్నం పాలైతది.

చెరువు మట్టి మంచిదే. 2015ల మిషన్ కాకతీయ మొదలైనప్పుడు రైతులు పూడిక మట్టిని ట్రాక్టర్లల్ల పొలాలకు తోలుకున్నది మనందరం చూసినం. అయితే పొలం వేరు, కుండీ వేరు. సన్నటి నల్లమట్టి కుండీల తడిస్తే బంక, ఎండితే పగుళ్లు, పైగ స్లాబ్ మీద మస్తు బరువు. పాత మట్టి మరీ ఇసుక ఇసుకగ ఉంటే 10 గమేళాలకు 1 గమేళా కలపండి, నీళ్లు ఎక్కువసేపు పట్టి ఉంచుతది. మట్టి గట్టిపడే రకమైతే అసలే వద్దు. టౌన్ మోరీ నీళ్లు కలిసే చెరువుల మట్టి కూడ తేవొద్దు.

*ప్రశ్న: మట్టి మీద, కుండీ అంచులకు తెల్లగ ఉప్పు లెక్క పేరుకుంటుంది. బోరు నీళ్లు, వాటర్ ఫిల్టర్ వేస్ట్ నీళ్లు పోస్తం. (కరీంనగర్)*

అది ఉప్పే. బోరు నీళ్లల్ల కాల్షియం, బైకార్బొనేట్లు ఎక్కువ, నీళ్లు ఆవిరైతయ్, ఇవి మిగులుతయ్. ఫిల్టర్ నుంచి బయటికొచ్చే నీళ్లు అయితే ఇంకా చిక్కటి ఉప్పు, మీరు తాగే నీళ్లల్ల నుంచి తీసేసిందంత అందులనే ఉంటది, వాటితో బండలు కడగండి, మొక్కలకు ఆపేయండి. పైన తెల్ల పొరను ఒక ఇంచు గీకి పారేయండి. తర్వాత కుండీ ఎంత పడుతదో దానికి రెండింతల నీళ్లు, వాన నీళ్లైతే ఇంకా మంచిది, మెల్లమెల్లగ పోసి కింది నుంచి పూర్తిగ కారిపోనియ్యండి, కింద ప్లేట్ల నిలిచిన నీళ్లు పారబోయండి. ఎరువు కలిపేది దీని తర్వాతనే, ముందు కలిపితే అది కూడ కొట్టుకపోతది. కొత్త ఆకులు పసుపు పచ్చగ, ఈనెలు మాత్రం ఆకుపచ్చగ ఉంటే అది కూడ ఈ నీళ్ల వల్లనే, చెట్టుకు ఐరన్ అందుతలేదు. వానకాలంల ఖాళీ కుండీలను సన్‌షేడ్ కింద దాచకుండ ఆరుబయట వానకు పెట్టండి.

*ప్రశ్న: కూరగాయ పొట్టు, అన్నం మిగిలింది నేరుగ పాత మట్టిల వేయొచ్చా?*

అన్నం, కూర వద్దు, ఎలుకలు, చీమలు వస్తయ్. కూరగాయ పొట్టు అయితే చెట్టు లేని కుండీల ఒక పొర పొట్టు, ఒక పొర పాత మట్టి, ఒక పొర ఎండుటాకులు ఇట్ల నింపి మూత పెట్టండి, రెండు మూడు నెలల్ల పొట్టు కనిపించకుండ కలిసిపోతది. చెట్టు ఉన్న కుండీల పచ్చిపొట్టు వేస్తే అది కుళ్లేటప్పుడు వేర్లకు అందే గాలిని గుంజుకుంటది, చెట్టు దెబ్బతింటది.

*ప్రశ్న: తయారుచేసిన మట్టి మిగిలితే ఎట్ల దాచాలె?*

నీడల, వాన తగలని చోట, గోనెసంచిల. పూర్తిగ ఎండనియ్యొద్దు, వారానికి ఒకసారి చెయ్యి తడిపి చల్లినట్టు నీళ్లు చల్లితే చాలు. సంచి మీద ఆ మట్టి ఇంతకుముందు ఏ పంటదో మార్కర్‌తో రాసి పెట్టండి, లేకపోతే ఆర్నెల్ల తర్వాత టమాట మట్టిలనే మళ్లీ టమాట పెడుతరు.