ప్రీమెడ్‌కే 529 ఖాళీ చేయొద్దు

ప్రశ్న: మాది టెక్సస్‌లోని ఫ్రిస్కో. ఇద్దరం ఐటీలోనే. ఇంటిల్లిపాదికీ గ్రీన్ కార్డులున్నాయి. మా అమ్మాయి డాక్టర్ అవుతానంటోంది. యూటీ డల్లాస్ అయితే స్కాలర్‌షిప్ పోను ఏడాదికి 12 వేల డాలర్లు, ఇంటి నుంచే వెళ్లొచ్చు. ఈస్ట్ కోస్ట్‌లో ఓ ప్రైవేట్ యూనివర్సిటీలో 82 వేలు. తన 529 ఖాతాలో (పిల్లల చదువు కోసం పన్ను మినహాయింపుతో దాచుకునే ఖాతా) లక్షా 80 వేలున్నాయి. చాలనిదానికి ఇంటి మీద లోన్ తీసుకుందామంటున్నారు మావారు. ఏం చేయమంటారు?

జవాబు: యూటీ డల్లాస్‌కే నా ఓటు. ప్రీమెడ్ అంటే మెడిసిన్‌కు ముందు చేసే నాలుగేళ్ల డిగ్రీ చదువు; సాధారణంగా ఆ పేరుతో వేరే డిగ్రీ ఉండదు. ఏ మేజర్ తీసుకున్నా బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్ ల్యాబులతో సహా పూర్తిచేసి మెడికల్ స్కూళ్ల ప్రవేశ పరీక్ష ఎమ్‌క్యాట్ రాయాలి. ఆ కోర్సులు రెండుచోట్లా ఉన్నాయి. మెడికల్ స్కూళ్లు ముందు చూసేది జీపీఏ (డిగ్రీ గ్రేడ్ల సగటు), ఎమ్‌క్యాట్ స్కోరు.

అసలు ఖర్చు ఆ తర్వాత మెడిసిన్ చదివే నాలుగేళ్లది. ఇంతకుముందు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే గ్రాడ్ ప్లస్ లోన్ ఉండేది, ఎంత ఖర్చయితే అంతా ఇచ్చేవారు. 2025లో వచ్చిన చట్టంతో, 2026 జూలై 1 నుంచి కొత్తవాళ్లకు అది లేదు. మెడిసిన్ విద్యార్థికి ఫెడరల్ లోన్ ఏడాదికి 50 వేలు, మొత్తం మీద 2 లక్షలు, అంతే. చాలా ప్రైవేట్ మెడికల్ స్కూళ్లలో ఫీజు, అద్దె, తిండి కలిపి ఏడాదికి 90 వేలు దాటుతోంది. మిగతా 40 వేలకు ప్రైవేట్ లోన్ అంటే కో-సైనర్‌గా, అంటే అప్పుకు హామీగా, చాలాసార్లు మీ సంతకమే అడుగుతారు. (హెచ్1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే హెచ్4 వీసా మీద ఉన్న పిల్లలకు ఆ 50 వేలు కూడా రావు. ఆ టెన్షన్ మీకు లేదు.)

ఇప్పుడు మీ లెక్క. ఈస్ట్ కోస్ట్‌కు నాలుగేళ్లకు 3 లక్షల 28 వేలు. 529 ఊడ్చేసినా లక్షా 48 వేలు అప్పు. డల్లాస్‌లో 48 వేలే, లక్షా 32 వేలు మెడిసిన్‌కు మిగులుతాయి. పైగా టెక్సస్ ప్రభుత్వ మెడికల్ స్కూళ్లలో 90 శాతం సీట్లు రాష్ట్రం వాళ్లకే, ఫీజూ తక్కువ.

ఆర్గానిక్ కెమిస్ట్రీ దెబ్బకు మనసు మార్చుకునే పిల్లలూ ఉంటారు. అప్పుడు మిగిలిన 529ని తమ్ముడో చెల్లో ఉంటే వాళ్ల పేరుకు మార్చొచ్చు. ఖాతాకు 15 ఏళ్లు నిండితే 35 వేల వరకు, ఏటా కొంత చొప్పున, అమ్మాయి రాత్ ఐఆర్ఏ (రిటైర్మెంట్ పొదుపు ఖాతా)లోకీ మళ్లించొచ్చు.

ఒక్కటి మాత్రం విడిగా దాచండి: మెడికల్ స్కూళ్ల అప్లికేషన్ ఫీజులు, ఇంటర్వ్యూ ప్రయాణాలు 529 నుంచి తీస్తే లాభం మీద పన్నుతోపాటు 10 శాతం పెనాల్టీ పడుతుంది. ఇక ఈ వారంలో ఆ స్కాలర్‌షిప్ లెటర్ తీసి, ఏటా అది కొనసాగాలంటే జీపీఏ ఎంత ఉండాలన్నారో చూడండి.