తాడు పట్టుకుని ముందు నడిచిన మనిషి

కడప,
ఫిబ్రవరి మొదటి వారం

అమ్మా,

నువ్వు పంపిన మొరాకో ఎడారి టూర్ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. ఒకసారి ఫోన్‌లో. రెండోసారి ఎదురింటి పిల్లాడితో ప్రింటు తీయించి, పెన్సిల్ చేతిలో పట్టుకుని. నీకు వాక్యం కుదురుతుంది. ఆ మాట ముందే చెప్తున్నాను, ఎందుకంటే ఇక్కడినుంచి కిందికంతా దిద్దుబాటే. బ్రౌన్ లైబ్రరీలో మొదటిసారి కలిసినప్పుడు "మొహమాటం లేకుండా చెప్పండి సార్" అన్నావు. ఆ మాట మీదే ఇదంతా రాస్తున్నా.

మర్రకేష్‌లో పొద్దున ఏడింటికి వ్యాన్ ఎక్కి, మూడోరోజు రాత్రి మళ్లీ అక్కడే దిగావు. ఇసుక దిబ్బల అంచున ఉన్న మెర్జూగా ఊరి దాకా 550 కిలోమీటర్ల పైచిలుకు, మళ్లీ అంతే వెనక్కి. లెక్కేస్తే నువ్వు ఇసుక మీద ఉన్నది ఒక సాయంత్రం, ఒక రాత్రి, ఒక తెల్లవారుజాము. మిగతాదంతా వ్యాన్‌లోనే గడిచింది. నీ వ్యాసంలో మాత్రం వ్యాన్‌కు దక్కింది ఒకే వాక్యం: "సుదీర్ఘ ప్రయాణం తర్వాత ఎడారి చేరుకున్నాం." సూర్యాస్తమయానికి రెండు పేజీలు ఇచ్చావు. అక్కడ పొద్దు ఎట్లా కుంకుతుందో ఫొటోల్లో అందరం చూశాం. ఆ వ్యాన్‌లో పదముగ్గురు ముక్కూ మొహం తెలియనివాళ్లు మోకాళ్లు ఒరుసుకుంటూ ఎట్లా కూర్చున్నారో నువ్వు చెప్తే తప్ప మాకు తెలీదు.

దారిలో అట్లాస్ కొండల్లోని టిష్కా కనుమ దాటారు గదా, 2,260 మీటర్ల ఎత్తు. డిసెంబరు. ఆ మలుపుల్లో కడుపులో తిప్పినవాళ్లు ఉండే ఉంటారు. ఎవరు కిటికీ పక్క సీటు ఇచ్చారు? నిమ్మకాయ ఎవరి దగ్గర ఉంది? డ్రైవరు నిద్ర ఆపుకోవడానికి ఏం చేశాడు? ఇవి చిల్లర విషయాలు అనుకుని వదిలేశావు. నా మటుకు నాకు టూర్ కథంటే అదే.

అయిత్ బెన్ హద్దూ గురించి "మట్టికోట అద్భుతంగా ఉంది, యునెస్కో గుర్తింపు ఉంది" అని రాశావు. 1987లో వచ్చిన గుర్తింపు, నిజమే. కానీ ఆ మాట బోర్డు చూసి ఎవరైనా రాస్తారు. నువ్వు ప్రొద్దుటూరు పక్క పల్లెలో మీ అవ్వ మట్టిమిద్దె కింద పెరిగినదానివి. వానాకాలం ముందు మిద్దె మీద చౌడు పరిచి, తొక్కి, ఉరవకుండా చేసుకోవడం కళ్లారా చూసినదానివి. ఆ ఎర్ర గోడల ముందు నిలబడితే నీకు మొదట తట్టాల్సిన ప్రశ్న వేరే ఉంది. వాన కురిస్తే దీన్ని ఎవరు మళ్లీ మెత్తుతారు? మట్టితో కట్టిన ఇల్లు ఏటా చెయ్యి పడకపోతే కరిగిపోతుంది. నీతో వచ్చిన జర్మనీ స్నేహితులకు ఆ ప్రశ్న రాదు. నీకు వస్తుంది. ఆ వ్యాసం నువ్వే రాయాలనేది అందుకే.

తివాచీల అంగడి ముందు వ్యాన్ ఆపితే కోపం వచ్చిందని రాశావు. కోపం రాయడం తప్పు కాదు. కానీ కోపంతో ఆపేశావు. టూర్ ధర అంత తక్కువగా ఉండటానికి ఒక కారణం ఆ అంగడే. అక్కడ ఎవరైనా కొంటే అందులో కొంత తెచ్చినవాడికి వస్తుంది, భోజనం హోటల్లోనూ అంతే. అహోబిలం, మహానంది యాత్రాబస్సు ఏ హోటల్ ముందు ఆగుతుందో మనకు తెలియదా? ఆ అంగడిలో పుదీనా టీ పోశారు గదా, అంత ఎత్తునుంచి, చుక్క బయట పడకుండా. తాగావు. కొనకుండా లేచి వచ్చేటప్పుడు ఆ తివాచీలు మళ్లీ చుట్టినవాళ్ల మొహం చూశావా? ఆ నిమిషం రాయి.

ఇప్పుడొక తప్పు. రెండోరోజు మధ్యాహ్నం గురించి నీ వాక్యం ఇది: "బయట అంతా నల్లటి రాళ్ల మైదానం, ఎడారి ఎప్పుడొస్తుందా అని చూస్తూ కూర్చున్నాం." అమ్మా, ఆ నల్ల రాళ్ల మైదానమే ఎడారి. సహారాలో ఇసుక దిబ్బలున్న నేల సుమారు నాలుగో వంతు. మిగతాదంతా రాతి పీఠభూమి, గులకరాళ్ల మైదానం, ఎండిన వాగులు, కొండలు. రాతినేలను అక్కడివాళ్లు హమాదా అంటారు. ఎర్గ్ షెబ్బీ, అంటే మీరు ఒంటె ఎక్కిన ఆ నారింజరంగు దిబ్బలు, 150 మీటర్ల దాకా ఎత్తున్నా అదొక చిన్న ముక్క. టూర్ కంపెనీ బొమ్మలో దిబ్బలున్నాయి కాబట్టి దిబ్బలు వచ్చేదాకా ఎడారి మొదలుకాలేదని నువ్వు అనుకున్నావు. రాసేవాళ్లు ఆ బొమ్మను పక్కన పెట్టాలి. పైగా అరబిక్‌లో సహ్రా అంటేనే ఎడారి. "సహారా ఎడారి" అని రాయడం అలవాటైపోయింది, అది తప్పని నేను అనను. ఒక్కసారి తెలుసుకుని రాయి, చాలు.

అదే దారిలో "చీమల పుట్టల్లాంటి మట్టి కుప్పలు వరసగా కనిపించాయి" అని ఒక ముక్క రాసి వదిలేశావు. వ్యాసం మొత్తంలో నాకు నచ్చిన ముక్క అదే. అవి ఖెత్తారాలు. కొండ పాదంలో ఊరే నీళ్లను భూమి కింద సొరంగం తవ్వి, వాలు మీద, ఖర్జూరపు తోటల దాకా తెచ్చుకునే కాలువలు. తవ్వడానికి, పూడిక తీయడానికి పైనుంచి బావుల్లాగా దిగుతారు. ఆ బావుల చుట్టూ పోసిన మట్టే నీకు కనిపించిన పుట్టలు. మన ఏర్లలో ఇసుక తవ్వి పొలాలకు తెచ్చుకున్న ఊట కాలువలకు అవి దూరపు చుట్టాలు. పెన్నలో చెలమ తీసి దోసిట్లో నీళ్లు తాగిన పిల్లవు నువ్వు. ఇసుక దిబ్బల్ని "బంగారు సముద్రపు అలలు" అనాల్సిన అవసరం నీకేమొచ్చింది? కడపకు సముద్రం లేదు. నువ్వు సముద్రం కంటే ముందు ఇసుకనే చూశావు. చెలమ తవ్వుతుంటే అంచులు ఎట్లా జారతాయో, ఏ వాలుకు వచ్చి ఆగుతాయో నీ చేతికి తెలుసు. దిబ్బ వెనకవైపు ఇసుక జారేదీ అట్లాగే. ఆ పోలిక వాడు.

ఒంటె దగ్గరికి వద్దాం. "ఒంటె రాజసంగా లేచి నిలబడింది" అన్నావు. ఒంటె లేచేటప్పుడు వెనక కాళ్లు ముందు లేపుతుంది. మీద కూర్చున్న మనిషి ముందుకు తూలి, ఇక పడ్డాననుకుంటాడు. చేతులు జీను మీది ఇనుప కడ్డీని పట్టేస్తాయి. నువ్వు కూడా పట్టుకునే ఉంటావు. ఆ కడ్డీ సాయంత్రం చలికి ఎంత చల్లగా ఉందో రాస్తే నేను నీతో పాటు ఒంటె ఎక్కుతాను. రాజసం అని రాస్తే కిందే ఉండిపోతాను.

ఇక అసలు సంగతి. ఇంత పొడుగు ఉత్తరం దానికోసమే.

మీరంతా ఒంటెల మీద ఉన్నారు. ఒకదాని వెనక ఒకటి, తాడుతో కట్టి. ముందు ఆ తాడు పట్టుకుని ఒక మనిషి నడిచాడు. మీరు కూర్చున్న గంటా ఆయన ఆ ఇసుకలో నడిచాడు. మళ్లీ తెల్లవారకముందే చీకట్లో మిమ్మల్ని లేపి, మళ్లీ నడిచాడు. నీ వ్యాసంలో ఆయన రెండేసార్లు వస్తాడు. "నీలిరంగు దుస్తుల్లో మా గైడ్" అని ఒకసారి, "మా గైడ్ చాలా మంచివాడు" అని ఇంకోసారి. ఆ ఒంటెలు ఆయనవా, యజమానివా? జీతమా, రోజుకూలీనా? టూరిస్టులు రాని మండుటెండల్లో ఏం చేస్తాడు? వాళ్ల నాయన మందలు తోలుకుని తిరిగినవాడా? ఆయన ఒంటెతో మాట్లాడిన భాషను అరబిక్ అని రాశావు. అమాజిగ్, అంటే బెర్బర్ల భాష, అయి ఉండొచ్చు. అక్కడ ఇంటి భాష చాలామందికి అదే, 2011 రాజ్యాంగంలో దాన్ని కూడా అధికార భాష చేశారు. తెలుగు రాసేదానివి, ఇంటి భాషకూ బడి భాషకూ ఉండే తేడా నీ చెవికి అందాలి.

ఇదంతా ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానో వినాలి.

2017 చలికాలంలో మస్కట్‌లో ఉన్న మా తమ్ముడి కొడుకు రమ్మంటే ఒమన్ వెళ్లాను. రెండు రాత్రుల ఎడారి టూర్, వహీబా ఇసుకల్లోకి. ఇసుక మొదలయ్యే చోట డ్రైవరు బండి ఆపి, నాలుగు టైర్లలో గాలి తీసేశాడు. మెత్తబడ్డ టైరు ఇసుక మీద వెడల్పుగా పరుచుకుంటుంది, కూరుకుపోదు. ఆ బుస్సుమనే చప్పుడు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. కానీ నేను అది రాయలేదు. "నిశ్శబ్దం" అనే మాట నాలుగుసార్లు వాడి, ఎడారిలో మనిషి తనను తాను కనుక్కుంటాడని రాశాను. ఒక మాసపత్రిక వేసింది. బాగుందని చాలామంది అన్నారు.

మరుసటి ఏడు రాయచోటిలో ఒక సభ అయిపోయాక, ఒకామె కొంగు సర్దుకుంటూ వచ్చి నిలబడింది. "సార్, మా ఆయన ఆరేండ్లు కువైట్‌లో ఒంటెలు మేపినాడు. మీరు రాసింది మా పాప చదివి వినిపించింది. ఈ ఎడారి యాడుందో సార్‌ను అడుగుమే అన్నాడు." ఆమె మొహంలో ఎగతాళి లేదు. నిజంగానే అడుగుతోంది.

వాళ్లింటికి వెళ్లాను. ఆయన తక్కువ మాట్లాడే మనిషి. నీళ్లిచ్చి, గ్లాసు మీద చిన్న పళ్లెం మూత పెట్టాడు. నేను ఒక గుక్క తాగి కింద పెడితే, మళ్లీ మూత పెట్టాడు. ప్రతిసారీ. మన రాయచోటిలో, తలుపు వేసిన ఇంట్లో. ఆయన భార్య "వచ్చినకాడి నుంచి ఇదే అలవాటు సార్" అంది. అక్కడ దుమ్ముగాలిని తూజ్ అంటారట. అది లేస్తే ముద్దలో, నీళ్లలో, కంటి మూలల్లో అంతా మన్నే. ఆయన ఉన్నది జాఖూర్‌లో, అంటే పశువుల దొడ్డి. ఊరికి దూరం. నీళ్ల ట్యాంకరు వచ్చినప్పుడే మనిషి మొహం చూసేది. రాత్రి దారి తప్పితే, ఆకాశం అంచున చమురు బావుల మంట ఎర్రగా కనపడేది, దాన్ని బట్టి దిక్కు తెలుసుకునేవాడు. నేను నక్షత్రాల గురించి ఒక పేరా రాసి ఉన్నాను.

2016 జూలై 21న కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీల ఎండ నమోదైంది. ప్రపంచ వాతావరణ సంస్థ పరిశీలించి ఖాయం చేసిన అంకె. ఆ ఎండాకాలం ఆయన అక్కడ గొర్రెలకు నీళ్లు తోడుతున్నాడు.

రాయచోటి, రాజంపేట, కడప, ఏ వీధికి వెళ్లినా కువైట్ పోయినవాళ్ల ఇల్లు ఒకటైనా ఉంటుంది. మన దగ్గర ఎడారి అనే మాట వింటే గుర్తొచ్చేది దిబ్బ మీద పొద్దు కుంకడం కాదు. వీసా, ఏజెంటుకు కట్టిన అప్పు, రాత్రి వచ్చే ఫోన్. నీ వ్యాసం చదివేది ఆ ఇళ్లలో డిగ్రీ చదివే పిల్లలు. వాళ్ల నాయన చేతిలో కూడా ఒక తాడు ఉంది. అందుకే ఆ నీలిరంగు దుస్తుల మనిషిని నువ్వు అట్లా దాటి వచ్చేస్తే నాకు బాధ కలిగింది. టూర్‌కు పోవడం తప్పని నేను అనడం లేదు. కష్టపడి పార్ట్‌టైమ్ చేసి దాచుకున్న డబ్బు, సంతోషంగా పోయి రావాలి. ఆ సంతోషం కూడా రాయి. ఇసుక మీద చెప్పులు విప్పి పరిగెత్తామని రాసిన పేరా అట్లాగే ఉంచు, ఒక్క మాట మార్చొద్దు. ఆయనను ఆ పేరాలోకి తీసుకురా, అంతే.

మిగతావి చిన్నవి. ఖర్చు ఎంతయిందో రాయి, దాచడం ఎందుకు? మన పిల్లలు వెళ్లాలనుకుంటే లెక్క తెలియాలి. డిసెంబరు రాత్రి గుడారంలో ఎన్ని దుప్పట్లు కప్పుకున్నా పళ్లు టకటకమన్నాయని నాతో ఫోన్‌లో చెప్పావు, వ్యాసంలో లేదు. ఆడపిల్లలు బాత్రూమ్ సంగతి ముందే అడిగి తెలుసుకోవాలని కూడా ఫోన్‌లోనే చెప్పావు. అది తప్పకుండా చేర్చు. "మాటల్లో చెప్పలేని అనుభూతి" మూడుచోట్ల ఉంది, మూడూ కొట్టేశాను. తాజీన్ అనే అక్కడి కూర వండిన మట్టికుండ మూత గోపురంలా ఎందుకుంటుందో రాసిన చోటు బాగుంది.

ఆ గైడ్ నంబరు నీ ఫోన్‌లో ఉంటుందన్నావు. వాట్సాప్‌లో అడుగు. ఇంగ్లీషు రాకపోతే ఫ్రెంచ్ తెలిసిన నీ స్నేహితురాలి సాయం తీసుకో. పేరు, ఊరు రాయొచ్చా అని కూడా ఆయన్నే అడుగు. వద్దంటే రాయకు.

ఉగాదికి ఇంటికొస్తున్నావు గదా. అప్పటికి తిరగరాసి తీసుకురా. రాయచోటి ఆయన ఇప్పుడు బస్టాండు దగ్గర టీ అంగడి పెట్టుకున్నాడు. ఇద్దరం పోదాం, అక్కడే కూర్చుని చదివి వినిపించు. మెర్జూగాలో కొన్న ఆ నీలం తలగుడ్డ కూడా వెంట తెచ్చుకో. ఫొటోలో నువ్వు చుట్టుకున్న తీరుకు ముక్కులోకి మన్ను పోతుందని ఆయన అన్నాడు. ఎట్లా చుట్టుకోవాలో చూపిస్తాడట.

ఆశీస్సులతో,
మీ సార్