వెన్ను వెంట నాళాలు సగంలో ఆగితే మందు పనిచేసినట్టేనా?

మీ కాంపౌండ్ (మందుగా పరీక్షిస్తున్న రసాయనం) ఇచ్చిన జీబ్రాఫిష్ పిండాల్లో వెన్ను వెంట ఉండే సన్న నాళాలు సగంలోనే ఆగిపోయాయి, ఇక అది రక్తనాళాల పెరుగుదలను అడ్డుకుంటుందని రాసుకోవచ్చా అని అడిగారు. అప్పుడే వద్దు. నేను అలాగే రాసుకుని తర్వాత కొట్టేసుకున్నాను.

మావి కూడా ఫ్లై1-ఈజీఎఫ్‌పీ అనే జన్యువు మార్చిన చేపలే, నాళాలు పచ్చగా మెరుస్తాయి. ఆ రోజు కంట్రోల్ ప్లేటు (కాంపౌండ్ కలపని పిండాలది) ముందే సిద్ధం చేసి 28.5 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో పెట్టేశాను. కాంపౌండ్ ప్లేట్లేమో, నేను ఒక్కో డోసూ కలుపుతుంటే గంటల తరబడి ఏసీ గదిలో బల్ల మీదే ఉండిపోయాయి. మర్నాడు చూస్తే కంట్రోల్ పిండాల్లో నాళాలు వీపు దాకా ఎక్కి, పైన ఒకదానితో ఒకటి కలిసి నిచ్చెన మెట్లలా ఉన్నాయి. కాంపౌండ్ పిండాల్లో సగం దూరమే వచ్చాయి. ఎగిరి గంతేశాను! మా సీనియర్ వచ్చి చూసి, "తల వంపు చూశావా?" అంది. పిండం ఎదిగేకొద్దీ పచ్చసొన మీదికి వంగిన తల నిటారవుతుంది. నావాటికి ఇంకా వంగే ఉంది. మందు ఆపింది ఏమీ లేదు, చలికి పిండం మొత్తం వెనకబడిందంతే.

ఈ నాళాలు సుమారు 20 గంటల వయసులో మొలకెత్తి 30 గంటలకల్లా పైదాకా చేరతాయి. అంత తక్కువ వ్యవధిలో రెండు మూడు గంటల ఆలస్యం కూడా గొప్ప ఫలితంలా కనిపిస్తుంది. అందుకే అన్ని ప్లేట్లనూ ఒకేసారి లోపల పెట్టండి. కాంపౌండ్‌ను కరిగించే ద్రావకం డీఎంఎస్‌ఓ కంట్రోల్‌లో కూడా అంతే ఉండాలి. నాళాల పెరుగుదలను ఆపుతుందని తెలిసిన సునిటినిబ్ లాంటి మందు ఒకటి పక్కన నడపండి.

ఇంకో మెలిక. రక్తప్రసరణ లేకపోయినా ఈ పిండాలు కొన్ని రోజులు బతుకుతాయి, ఆక్సిజన్ చర్మం గుండానే అందుతుంది. నాళాలు ఆగినా పిండం వెంటనే చావదు కాబట్టి నాళాల పరీక్షకు ఇది వరమే. కానీ పిండం బతికే ఉంది కదా, విషప్రభావం లేదులే అనుకుంటే దెబ్బతింటాం. గుండె కొట్టుకునే వేగం, గుండె చుట్టూ నీరు చేరడం, తోక వంకర అన్నీ రాసుకోవాలి. డోసు తగ్గిస్తూ పోతే, మిగతావన్నీ మామూలుగా ఉండి నాళాలు మాత్రమే ఆగే డోసు ఒకటి దొరకాలి. దొరకకపోతే నేనైతే ఆ కాంపౌండ్‌ను నమ్మను.

మీరు తీసిన ఫోటోల్లో తల కూడా పడి ఉంటే ముందు అది చూడండి. తోక భాగమే తీసి ఉంటే మళ్ళీ చేయక తప్పదు.