50 మెగావాట్ల సోలార్ ప్లాంట్ పనికి ట్యాంకర్ నీళ్లు సప్లై చేయాలంటే ఏమేం చూసుకోవాలి?

మీరు అడిగింది: కల్యాణదుర్గం వైపు 50 మెగావాట్ల సోలార్ ప్లాంట్ కడుతున్నారు, నిర్మాణానికి నీళ్లు తోలే సబ్ కాంట్రాక్టు మీకు వచ్చేలా ఉంది, ఎన్ని ట్యాంకర్లు పెట్టాలి, రోజుకు ఎన్ని ట్రిప్పులు పడతాయి, బోరు ఒకటి చాలా అని. 2018లో కదిరి దాటాక ఇంతే సైజు ప్లాంట్ పనిలో నేను 14 నెలలు సైట్ సూపర్‌వైజర్‌గా చేశాను. నీళ్ల బాధ్యత మొత్తం నామీదే ఉండేది. ట్యాంకర్ల సంఖ్య తర్వాత చూద్దురు గానీ, ముందు బోరు సంగతి తేల్చుకోండి. మేం దెబ్బతిన్నది అక్కడే.

అందరూ కాంక్రీట్‌కే నీళ్లు ఎక్కువ పడతాయనుకుంటారు. నేనూ అలాగే అనుకుని వెళ్లాను. మా డిజైన్‌లో ప్యానెళ్లను మోసే స్తంభాలు నిలబెట్టడానికి మెగావాట్‌కు సుమారు 600 గుంతలు, ఒక్కోటి 300 మిల్లీమీటర్ల వెడల్పు, మీటరున్నర లోతు. గుంతకు పట్టే కాంక్రీట్ 0.1 ఘనపు మీటరు పైచిలుకు, అందులో కలిసే నీళ్లు 20 లీటర్లలోపే. 30 వేల గుంతలకూ కలిపి 6 లక్షల లీటర్లు, అంటే 12 వేల లీటర్ల లారీ ట్యాంకర్లు 50. నాలుగైదు నెలల పనిలో అదొక లెక్కే కాదు.

నీళ్లన్నీ తాగేసింది దుమ్ము. సైట్ లోపల 8 కిలోమీటర్ల మట్టిరోడ్లు, 5 మీటర్ల వెడల్పు. చదరపు మీటరుకు ఒక్క లీటరు చల్లినా ఒక విడతకు 40 వేల లీటర్లు. ఎండాకాలం పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మూడు విడతలు చల్లితే రోజుకు లక్షా 20 వేలు, అంటే రోజూ పది లారీ ట్యాంకర్లు. మొత్తం గుంతల కాంక్రీట్‌లో కలిపే నీళ్లు రోడ్డు మీద అయిదు రోజుల్లో అయిపోతాయన్నమాట. ఇక ఆషాఢం గాలి మొదలైతే మన అనంతపురం జిల్లాలో ఎలా ఉంటుందో మీకు తెలుసు. చల్లిన గంటకే రోడ్డు మళ్లీ తెల్లబడుతుంది.

రోడ్డు వేసేటప్పుడు రోలర్ కింద మట్టి గట్టిపడటానికి కూడా నీళ్లు కావాలి. 4 మీటర్ల వెడల్పు, 200 మిల్లీమీటర్ల మందం పొరకు కిలోమీటరుకు లక్ష లీటర్ల దాకా పట్టింది మాకు. ఆపైన క్యూరింగ్, అంటే వేసిన కాంక్రీట్ గట్టిపడేదాకా తడి ఆరకుండా చూడటం. మామూలు సిమెంటుకైనా వేడి, పొడి వాతావరణంలో కనీసం 10 రోజులు తడి ఆరకూడదని కాంక్రీట్ పనులకు పెట్టిన భారత ప్రమాణం ఐ.ఎస్. 456 చెబుతుంది. మేం మొదట్లో పైపుతో కొట్టేవాళ్లం, సగం నీళ్లు పక్క మట్టిలోకే పోయేవి. తర్వాత గుంతల తలల మీద తడి గోనెసంచులు కప్పి, సూర్యుడు ఎక్కకముందు ఒకసారి, పొద్దు వాలాక ఒకసారి తడిపాం. క్యూరింగ్ నీళ్లు సగానికి సగం తగ్గాయి. ఇంకో మాట, మీ ప్లాంట్‌లో స్తంభాలను మిషన్‌తో నేరుగా నేలలోకి దిగ్గొట్టే డిజైన్ అయితే కాంక్రీట్ లెక్కే మారిపోతుంది. రేటు చెప్పేముందు ఆ డ్రాయింగ్ అడిగి చూడండి.

ఇప్పుడు బోరు. సైట్‌కు 6 కిలోమీటర్ల దూరంలో ఒక రైతు బోరు మాట్లాడుకున్నాం. మంచి బోరు, రెండించుల నీళ్లు అన్నారు. నేను 200 లీటర్ల డ్రమ్ము పెట్టి ఫోన్‌లో టైమ్ చూశాను. నిండటానికి 80 సెకన్లు పట్టింది. అంటే నిమిషానికి 150 లీటర్లు. చూడటానికి ధార బాగానే ఉంటుంది. కానీ 12 వేల లీటర్ల ట్యాంకర్ నిండటానికి 80 నిమిషాలు పడుతుంది. పోను రాను దారి 40 నిమిషాలే. అప్పట్లో వ్యవసాయ కరెంటు రోజుకు 7 గంటలు. ఆ ఏడు గంటల్లో నిండేది అయిదు ట్యాంకర్లు. రోడ్డుకే పది కావాలి. మేమేమో నాలుగు ట్యాంకర్లు పెట్టాం. మూడు బోరు దగ్గర చెట్టు కింద నిలబడి ఉండేవి, డ్రైవర్లకు బత్తా మాత్రం పూర్తిగా ఇచ్చేవాళ్లం. ఎన్ని బండ్లు కావాలన్నది బోరే చెబుతుంది. అది తెలియకుండా బండ్లు పెంచితే అద్దె ఊరికే పోతుంది.

దీనికి మందు బోరు దగ్గర నిల్వే. 50 వేల లీటర్లు పట్టే సంపు కట్టించి, బోరు నీళ్లు నిదానంగా అందులో పడేలా చేశాం. సంపు నుంచి పెద్ద పంపుతో ట్యాంకర్‌లోకి కొడితే 12 నిమిషాల్లో నిండింది. ఆ వారమే రెండు ట్యాంకర్లు వెనక్కి పంపేశాం. సైట్‌లో కూడా షీటు పరిచిన కుంట ఒకటి పెట్టుకోండి, కానీ పైన మూతలాంటిది ఏదైనా ఉండాలి. 20 మీటర్లకు 20 మీటర్ల కుంటలో రోజుకు 8 మిల్లీమీటర్లు ఆవిరైనా 3,200 లీటర్లు పోయినట్టే. మేం షేడ్ నెట్ కట్టాం.

కరెంటు విషయంలో మేం చేసిన తప్పు మీరు చేయకండి. మొదటి నెల రైతు ఉచిత కరెంటు మీదే తోడాం. వ్యవసాయ కనెక్షన్‌తో తోడిన నీళ్లు అమ్మడం 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద అనధికార వాడకం. జరిమానా వచ్చేది రైతు పేరు మీద. మనం పని ముగించుకుని వెళ్లిపోతాం, ఆయన ఆఫీసుల చుట్టూ తిరుగుతాడు. జనరేటర్ పెట్టుకోండి, లేదా కమర్షియల్ కనెక్షన్ తీసుకోండి. కొత్త బోరు వేయాలనుకుంటే 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం ప్రకారం అనుమతి కావాలి, ఊరి తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపు వేయకూడదు. కాలువలో నీళ్లు పారుతున్నాయి కదా, మోటారు దించుదాం అని ఎవరైనా అంటే వినకండి. జలవనరుల శాఖ అనుమతి లేకుండా హంద్రీ-నీవా కాలువ నీళ్లు ముట్టుకోవద్దు.

అన్నిటికంటే ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇది. ఏప్రిల్‌లో ఒక సాయంత్రం ఒక పెద్దాయన సైట్ గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మా బోరు పక్క చేనే ఆయనది, ఎకరన్నర టమాటా. కోపంగా మాట్లాడలేదు. “సామీ, మీ రోడ్డేమో పచ్చిగుండాది, నా మడి ఎండిపోతాంది” అన్నాడు. ఆయన వెంట వెళ్లి చూశాను. మోటారు వేస్తే మొదట రెండు నిమిషాలు నీళ్లు బాగా వచ్చాయి. తర్వాత పైపు గాలి మింగుతూ, దగ్గుతున్నట్టు ఆగి ఆగి పోసింది. ఆ పైపు మూతి దగ్గర ఆయన అరచేయి పట్టి అలాగే కూర్చున్నాడు. సాళ్లలో సగం మొక్కలకు తడే అందలేదు. పూత రాలిపోయింది. రెండు బోర్ల మధ్య దూరం 150 మీటర్లు కూడా లేదు.

మర్నాడు మా బోరు ఆపేయించాను. పై కాంట్రాక్టర్ ఒప్పుకోలేదు, పని ఆలస్యమైతే పెనాల్టీ నీ మీదే అన్నాడు. రెండు రోజులు టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. చివరికి చుట్టుపక్కల సాగు బోర్లు లేని చోట, ఒకదానికొకటి దూరంగా ఉన్న రెండు బోర్లు వెతికి, రోజు మార్చి రోజు తోడాం. నాలుగైదు రోజులకు పెద్దాయన బోరు కాస్త కోలుకుంది గానీ ఆ కాపు మాత్రం పోయింది. పరిహారం ఇప్పించాను, అడిగినంత కాదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే జిల్లాలో రోడ్డు మీద చల్లడానికి రోజుకు లక్ష లీటర్లు తోడటం ఏం న్యాయమని ఆ తర్వాతే గట్టిగా అడగగలిగాను. మెయిన్ రోడ్లకు గ్రావెల్ పరిపించి, బండ్ల వేగం 20 కిలోమీటర్లు దాటకుండా చేశాక మూడు విడతలు ఒక్క విడతకు దిగాయి. ముందే చేసి ఉంటే ఆయన టమాటా నిలిచేది. మీరు సప్లయర్ కాబట్టి నీళ్లు ఎంత ఎక్కువ పడితే మీకంత బిల్లు. అయినా ఈ గ్రావెల్ మాట మొదటి మీటింగ్‌లోనే చెప్పండి.

నీళ్ల క్వాలిటీ కూడా ల్యాబ్‌లో చూపించండి. మాకు దొరికిన ఒక బోరు నీళ్లతో తడిపిన చోట తెల్లగా చౌడు పేరుకుంది. ఉక్కు ఉన్న కాంక్రీట్‌కు నీళ్లలో క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. రిపోర్టు చూసి క్లయింట్ ఇంజనీర్ మూడు రోజులు పని ఆపించాడు. ఆ బోరు నీళ్లు రోడ్డుకే వాడాం. లేబర్‌కు మాత్రం బోరు నీళ్లు తాగడానికి పెట్టకండి, మన జిల్లాలో చాలాచోట్ల ఫ్లోరైడ్ ఉంది. తాగే నీళ్లు విడిగా తెప్పించండి.

కొలత దగ్గర మొహమాటం వద్దు. గేటు దగ్గర ట్రిప్పులు లెక్కపెడితే చాలదు. మాకు తోలిన ఒక ట్యాంకర్‌ మీద నిచ్చెన ఎక్కి మూత తీసి కర్ర దించితే 12 వేలకు బదులు 9,500 దగ్గరే తడి ఆగింది. అది మోసం ఒకటే కాదు, ప్రమాదం కూడా. సగం నిండిన ట్యాంకర్‌లో నీళ్లు ఊగి మలుపులో బండిని లాగేస్తాయి. మీరు తోలేవాళ్లు కాబట్టి నిండుగా తోలి, మూత తెరిచి చూపించి, స్లిప్పు మీద సంతకం పెట్టించుకోండి. బిల్లు దగ్గర వాదన ఉండదు.

అగ్రిమెంట్‌లో డబ్బు 60 రోజులకు అని రాస్తారు. డీజిల్, డ్రైవర్ బత్తా ఏ రోజుకారోజు. కనీసం రెండు నెలల ఖర్చు చేతిలో లేకపోతే పదిహేను రోజులకోసారి బిల్లు అడగండి, ఒప్పుకోకపోతే ఈ పని పట్టకండి. సైట్‌లో దించుకోకుండా బండిని నిలబెడితే వెయిటింగ్ చార్జీ కూడా రాయించండి. బోరు మాట్లాడుకునేటప్పుడు మాత్రం ఏప్రిల్, మే నెలల్లో డ్రమ్ము పెట్టి కొలిచాకే అడ్వాన్స్ ఇవ్వండి. వానల తర్వాత కొలిచిన ధార చూసి డబ్బు కట్టకండి. అదే రోజు చుట్టుపక్కల చేలల్లో ఎవరి బోర్లు ఉన్నాయో నడిచి చూసి, వాళ్లతో కూడా ఒక మాట మాట్లాడి రండి.