రోజూ ఆఫీసుకెళ్లే బండితో ఆటోక్రాస్, కార్డు మీద 6 వేలు పెట్టేయాలా?

ప్రశ్న: అన్నా, డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటా, హెచ్‌1బీ మీద. 2022 సివిక్ ఎస్‌ఐ, లోన్ ఇంకా 19 వేల డాలర్లుంది, ఆఫీసుకీ అదే బండి. ఆటోక్రాస్ (ఖాళీ పార్కింగ్ లాట్‌లో కోన్స్ మధ్య ఒక్కో బండి విడిగా, టైమ్ చూసి నడిపే పోటీ) మొదలుపెడదామని కాయిలోవర్లు (బండి ఎత్తు మార్చుకునే సస్పెన్షన్), వీల్స్, టైర్లు, ఈసీయూ ట్యూన్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) లెక్కేస్తే 6 వేలయింది. కార్డు మీద ఇప్పటికే 3,400 ఉంది, వడ్డీ 24 శాతం. అన్ని ఖర్చులూ పోగా నెలకి 700 మిగులుతుంది. కార్డు మీదే కొనేయనా?

జవాబు: వద్దు తమ్ముడూ. ఆటోక్రాస్ మానేయమనట్లేదు, తప్పకుండా వెళ్లు, ఆ 6 వేల లిస్టు మాత్రం పక్కన పెట్టు. ఇప్పుడున్న 3,400 మీదే నెలకి 68 డాలర్లు వడ్డీ కింద పోతోంది, అంటే దాదాపు ఒక ఈవెంట్ ఎంట్రీ ఫీజు, బండి స్టార్ట్ చేయకుండానే పోతోంది. దాని మీద ఇంకో 6 వేలు ఎక్కిస్తే ఆ 68 కాస్తా 188 అవుతుంది.

ఇంకోటి, ఆ పార్టులు నీకు ఇప్పుడు లాభం కన్నా నష్టమే ఎక్కువ చేస్తాయి. ఈ పోటీలు నడిపే అమెరికా క్లబ్ ఎస్‌సీసీఏ రూల్స్‌లో స్ట్రీట్ క్లాస్ అంటే దాదాపు షోరూమ్ నుంచి వచ్చిన బండే, షాక్స్ మార్చుకోవచ్చు, ఒక స్వే బార్ (మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే రాడ్) మార్చుకోవచ్చు, 200 ట్రెడ్‌వేర్ (అరుగుదల రేటింగ్) టైర్లు వేసుకోవచ్చు, ఇలాంటి చిన్న మార్పులే. బండి కిందికి దించే కాయిలోవర్లు, ట్యూన్ పెట్టావంటే ఆ క్లాస్ నుంచి బయటికే, ఇక పై క్లాసుల్లో ఏళ్ల తరబడి బండి రెడీ చేసుకుంటూ వచ్చినవాళ్లతో పోటీ పడాలి. ఒక రన్ నిమిషం లోపే అయిపోతుంది, స్పీడు చాలావరకు సెకండ్ గేర్ దాటదు, ఒక కోన్ తగిలితే 2 సెకన్లు పెనాల్టీ, ఒక గేట్ (కోన్స్ మధ్య దారి) మిస్సయితే ఆ రన్నే పోయింది. కొత్తవాళ్లు పోగొట్టుకునే టైమంతా అక్కడే, ముందున్న కోన్ వైపే చూస్తూ దాని తర్వాత వచ్చే మలుపు చూడకపోవడం వల్ల, ముందుకు చూసే ఆ అలవాటు ఏ షాపులోనూ దొరకదు, రన్స్ మీద రన్స్ చేస్తేనే వస్తుంది. నీ డబ్బు ఎంట్రీ ఫీజులకే వెళ్లాలి.

మొదటి సీజన్‌కి ఇప్పుడున్న టైర్లతోనే వెళ్లు, హెల్మెట్ చాలా క్లబ్బుల్లో అరువిస్తారు, అడుగు. ఒక ప్రెషర్ గేజ్, ఒక టార్క్ రెంచ్ కొను, నీ బండికి వీల్ నట్లు 80 పౌండ్-ఫీట్‌కి బిగించాలి, బ్రేక్ ప్యాడ్స్‌లో ఎంత మందం మిగిలిందో చూపించుకో, బ్రేక్ ఫ్లూయిడ్ పాతబడి ఉంటే మార్పించు. నెలకో ఈవెంట్‌కి 100 తీసి, మిగిలిన 600 కార్డుకి కట్టు, ఆరేడు నెలల్లో క్లియర్ అవుతుంది. తర్వాత ఆ 600లో 150 టైర్ల కోసం విడిగా వేసుకో, 235/40 ఆర్18 సైజులో మంచి 200 ట్రెడ్‌వేర్ సెట్ ఫిట్టింగ్‌తో కలిపి వెయ్యి అటూ ఇటూ అవుతుంది. టైర్ల బయటి అంచులు తొందరగా అరుగుతాయి, ప్రతి ఈవెంట్ తర్వాత వంగి చూసుకో, సోమవారం వానలో టోల్‌వే మీద వెళ్లేది కూడా ఆ టైర్ల మీదే కదా.

మిగతా 450 ఎమర్జెన్సీ ఫండ్‌కి, ఇక్కడ మొహమాటం లేకుండా చెప్తున్నా, హెచ్‌1బీ మీద ఉద్యోగం పోతే ఈ దేశంలో ఉండటానికి నీకుండేది గరిష్ఠంగా 60 రోజులు, ఆ 60 రోజుల్లో అద్దె, బండి ఈఎంఐ, టికెట్ల ఖర్చు చేతిలో ఉండాలి.

ఇక నాకు అన్నిటికన్నా భయం ఇన్సూరెన్స్ గురించి. నీ పాలసీలో ఎక్స్‌క్లూజన్స్ (ఏవి కవర్ కావో రాసే) పేజీ తెరిచి చదువు. కొన్ని పాలసీలు రేస్ ట్రాక్‌లో జరిగిన డ్యామేజీకే ఇవ్వమంటాయి, కొన్ని టైమ్ పెట్టి నడిపే ఏ ఈవెంట్‌కైనా ఇవ్వమంటాయి, అది పార్కింగ్ లాట్ అయినా సరే. ఈవెంట్ వాళ్ల ఇన్సూరెన్స్ వేరేవాళ్లకి జరిగే నష్టానికి, నీ బంపర్‌కి కాదు. ఏదో లైట్ పోల్‌కి తగిలి క్లెయిమ్ రాకపోతే బండి పోయినా 19 వేల లోన్ మాత్రం పోదు, ఆఫీసుకి వేరే బండీ లేదు. వారంటీ బుక్‌లో కూడా పోటీల్లో వాడితే వచ్చిన డ్యామేజీ గురించి ఏం రాశారో చూడు.

ఏజెంట్‌కి ఫోన్ చేయకు, మెయిల్ పెట్టు, జవాబు రాతలో ఉండాలి. "పార్కింగ్ లాట్‌లో కోన్స్ మధ్య, ఒక్కో బండి విడిగా, టైమ్ చూసి నడిపే ఈవెంట్, కొలిజన్ కవర్ అవుతుందా" అని సూటిగా అడుగు. కవర్ కాదంటే ఈవెంట్ రోజుకి మాత్రమే తీసుకునే పాలసీ ఏదైనా ఉందేమో చూడు, ఉంటే దాని రేటు కనుక్కుని ఆ నెల 100 లోంచే లెక్కేయి, సరిపోకపోతే రెండు నెలలకో ఈవెంట్ వెళ్లు.