బటన్ నొక్కేముందు: బుజ్జికి పెద్దమ్మ ఉత్తరం

బుజ్జీ,

మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసి, "అక్కా, దానికి సోమవారం నుంచి ఆస్పత్రిలో ఎక్స్‌రే పోస్టింగట, ఒకటే టెన్షన్ పడుతోంది, నువ్వు కాస్త చెప్పు" అంది. ఫోన్లో చెబితే నువ్వు ఊఁ ఊఁ అంటూ ఇంకేదో పని చేసుకుంటావని నాకు తెలుసు, అందుకే కూర్చుని రాస్తున్నా.

నేను 1998లో నాయుడుపేట నుంచి మద్రాసు వచ్చాను. అప్పటికే పేరు చెన్నై అయింది కానీ మనవాళ్ళం ఇప్పటికీ మద్రాసే అంటాం కదా. ఎక్స్‌రే ఫిల్ములు కడిగే డార్క్‌రూమ్‌లో డెవలపర్ వాసనతో మొదలైంది నా ఉద్యోగం. ఫిల్ము కడిగి చూసేదాకా ఎలా వచ్చిందో తెలిసేది కాదు, పాడైతే ఫిల్ము ఖరీదు గురించి సీనియర్ పెట్టే చివాట్లు వేరే, అందుకని బటన్ నొక్కేముందు పదిసార్లు చూసుకునేవాళ్ళం. నీకు ఆ బాధ లేదు, ప్లేటు మీద సెకన్లలో బొమ్మ వచ్చేస్తుంది, బాగా రాకపోతే ఇంకోటి తీయొచ్చు, అడిగేవాడు లేడు. చెడగొట్టేది అదే. రెండోసారి తీస్తే మనకి పైసా ఖర్చు లేదు, ఆ కిరణాలు పడేది పేషెంటు ఒంటి మీద. ఇంకో సంగతి, ఫిల్ములో డోసు, అంటే కిరణాల మోతాదు, ఎక్కువైతే బొమ్మ నల్లగా వచ్చి దొరికిపోయేవాళ్ళం, డిజిటల్లో కంప్యూటరే సర్దేసి చక్కగా చూపిస్తుంది. ఎందుకైనా మంచిదని కొందరు ఎంఏఎస్, అదే కిరణాలు ఎంత రావాలో పెట్టే అంకె, పెంచుకుంటూ పోతారు. నువ్వు మాత్రం తెర మీద ఎక్స్‌పోజర్ ఇండెక్స్, అంటే ప్లేటు మీద ఎంత పడిందో చెప్పే అంకె, ఎంత వచ్చిందో ప్రతిసారీ చూడు.

మన పని తొంభై పాళ్ళు బటన్ నొక్కకముందే అయిపోవాలి. నేను చెప్పబోయేదంతా దాని గురించే.

మొదటిది, పేషెంటు పేరు నువ్వు చెప్పకు, వాళ్ళ చేత చెప్పించుకో. "లక్ష్మిగారేనా?" అని పిలిస్తే చెవి సరిగా వినపడని ఏ అవ్వయినా "ఆఁ" అనేస్తుంది. ఇక్కడ చాలామందికి ఇంటిపేరు ఉండదు, ముందు ఒక ఇనిషియల్ అంతే, కాబట్టి పేరూ వయసూ చెప్పించుకుని చీటీ మీద ఉన్న ఆస్పత్రి నంబరుతో సరిచూడు. ఎంత రద్దీగా ఉన్నా సరే.

రెండోది కుడి, ఎడమ. ఇది నా మీద పడిన మచ్చ కాబట్టి కొంచెం ఎక్కువే చెబుతాను. చేరిన నాలుగో ఏడు, నైట్ డ్యూటీ, బండి మీద నుంచి పడ్డ కుర్రాడు వచ్చాడు, చెయ్యి. కుడో ఎడమో చెప్పే ఆర్, ఎల్ అక్షరాల సీసం మార్కర్ ఎక్కడో పడేశాను, వెతికే ఓపిక లేక ఫిల్ము కడిగాక పెన్నుతో రాసేశాను. తప్పు వైపు రాశాను. పొద్దున డ్యూటీ డాక్టరమ్మ కట్టు కట్టేముందు చెయ్యి పట్టుకుని చూసింది కాబట్టి సరిపోయింది, లేకపోతే బాగున్న చేతికి కట్టు పడేది. ఆవిడ నన్ను తిట్టలేదు కూడా, ఫిల్ము నా చేతికిచ్చి ఊరుకుంది. ఇప్పుడు పెన్ను పోయి మౌస్ వచ్చింది, తీశాక కంప్యూటర్లో ఆర్ అనో ఎల్ అనో పెట్టేస్తున్నారు, నేను చేసిన తప్పే కొత్త రూపంలో. సీసం మార్కర్ ప్లేటు మీద పెట్టే తియ్యి. ఎవరైనా నవ్వితే నవ్వనీ.

మూడోది ఆడవాళ్ళని అడగాల్సిన ప్రశ్న. పక్కన అత్తగారినో నాన్ననో పెట్టుకుని "ప్రెగ్నెంటా?" అంటే ఎవరూ నిజం చెప్పరు. తోడు వచ్చినవాళ్ళని బయట కూర్చోమని చెప్పి, తలుపేసి, "అమ్మా, పోయిన నెల ఎప్పుడు వచ్చింది?" అని మామూలుగా అడుగు. పెళ్ళి కాని పిల్లనైనా అడగాలి. తేదీ దాటిందంటే ఆగి డాక్టరుకి చెప్పు.

చెస్ట్ ఎక్స్‌రే నువ్వు రోజుకి ఎన్ని తీస్తావో లెక్కుండదు, కాబట్టి దాన్నే బాగా నేర్చుకో. 180 సెంటీమీటర్ల దూరం, గడ్డం పైకి, భుజాలు ముందుకి తోస్తే రెక్కల ఎముకలు ఊపిరితిత్తుల మీంచి పక్కకి తప్పుకుంటాయి. జడ ముందుకి వేసుకున్నా వీపు మీద ఉన్నా ఊపిరితిత్తి పై కొన మీద నీడ పడి జబ్బులా కనిపిస్తుంది, ముడి వేయించు. ఇక ఊపిరి. అరవంలో "మూచ్చు నల్లా ఇళుత్తు పుడింగ" (ఊపిరి బాగా పీల్చి బిగబట్టండి) అన్న మాట రెండు రోజుల్లో వచ్చేస్తుంది నీకు, "మూచ్చు విడుంగ" (ఊపిరి వదలండి) అనడం మరిచిపోకు, పాపం కొందరు అలాగే బిగబట్టుకుని నిలబడి ఉంటారు! మన నెల్లూరు, కడప, చిత్తూరు వాళ్ళు బోలెడుమంది వస్తారు, తెలుగు వినగానే సగం భయం పోతుంది వాళ్ళకి. కానీ "గాలి పీల్చి బిగబట్టండి" అంటే ముసలివాళ్ళు బుగ్గలు పూరించుకుని నిలబడతారు, ఛాతీ కదలదు. అందుకని ముందు నువ్వు చేసి చూపించి, ఒకసారి వాళ్ళ చేత చేయించి, రెండోసారికి బటన్ నొక్కు. బొమ్మలో వెనక పక్కటెముకలు తొమ్మిదో పదో లెక్కకి రావాలి.

ఎమ్మారై పోస్టింగ్‌లో ఒక్కటే గుర్తుపెట్టుకో, ఆ అయస్కాంతం రాత్రీ పగలూ, కరెంటు పోయినా ఆన్‌లోనే ఉంటుంది. 1.5 టెస్లా అంటే భూమి అయస్కాంత శక్తికి ఇంచుమించు 30 వేల రెట్లు. 2018లో ముంబైలో ఆక్సిజన్ సిలిండర్‌తో లోపలికి వెళ్ళి ఒకతను ప్రాణం పోగొట్టుకున్నాడు. పేస్‌మేకరు, ఆపరేషన్‌లో ఒంట్లో పెట్టిన క్లిప్పులు, చిన్నప్పుడు కంట్లో పడ్డ ఇనుప రజను, అన్నీ అడగాలని క్లాసులో చెప్పే ఉంటారు. క్లాసులో చెప్పనిది తాళి సంగతి. బంగారం ఎగరదు, దానికి తగిలించిన పిన్నీసులు ఎగురుతాయి. మన ఆడవాళ్ళు తాళికి నాలుగు పిన్నీసులు లేకుండా ఉండరు కదా, నీకే తెలుసు. తాళి తియ్యమంటే ఏడ్చేవాళ్ళుంటారు, కసురుకోకు, పసుపు తాడు ఒకటి మెడలో కట్టుకుని ఇది తీసి మీ ఆయన చేతికివ్వమ్మా అంటే ఒప్పుకుంటారు. నా బ్యాగులో ఎప్పుడూ ఒక పసుపు తాళ్ళ కట్ట ఉంటుంది.

సీటీలో కాంట్రాస్ట్ మందు నరంలోకి ఎక్కించేముందు కిడ్నీల సంగతి చెప్పే క్రియాటినిన్ రిపోర్టు, ఎలర్జీ, షుగరు మాత్రలు ఏం వాడుతున్నారో అడుగు, నరానికి పెట్టిన క్యానులా గొట్టంలో సెలైన్ తోసి వాపు రావడం లేదని చూసుకో. "ఒళ్ళంతా వేడెక్కుతుంది, మూత్రం పోయినట్టు అనిపిస్తుంది, నిజంగా పోదు" అని ముందే చెప్పెయ్యి, లేకపోతే సిగ్గుతో కదిలిపోతారు. అయ్యాక క్యానులా అప్పుడే పీకెయ్యకుండా అరగంట కూర్చోబెట్టు.

రేడియేషన్ గురించి మీ నాయనమ్మ "పిల్లలు పుట్టరట" అని మొదలుపెట్టిందని విన్నా. ఎవరికీ ఏమీ తెలియని తొలి రోజుల్లో ఈ పని చేసినవాళ్ళు వేళ్ళు పోగొట్టుకున్న మాట నిజమే, ఈ రూల్సన్నీ వచ్చింది అందుకే. మన దేశంలో రేడియేషన్ భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఏఈఆర్‌బీ ఈ పని చేసేవాళ్ళకి పెట్టిన హద్దు అయిదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు (అది డోసు కొలత), ఏ ఒక్క ఏడూ 30 దాటకూడదు. ఒద్దికగా పని చేసేవాళ్ళకి అందులో చిన్న భాగం కూడా రాదు. దూరం రెండింతలైతే డోసు నాలుగో వంతవుతుంది, ఇంతకన్నా మంచి మందు లేదు. ఆపరేషన్ థియేటర్లో వాడే సీ-ఆర్మ్ ఎక్స్‌రే మిషను దగ్గర, కిరణాలు పుట్టే ట్యూబు ఉన్న వైపు నిలబడకు. నీ మీద ఎంత డోసు పడిందో కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జీ ఛాతీ మీద, సీసం ఏప్రాన్ లోపల పెట్టుకో, డ్యూటీ అయ్యాక ఎక్స్‌రే గదిలో కోటుతో పాటు తగిలించి పోకు. నేనోసారి అలా చేస్తే మూడు నెలల రీడింగు ఎక్కడికో పోయి, సంజాయిషీ రాసుకోలేక నా ప్రాణం మీదికొచ్చింది. ఏప్రాన్ మడత పెట్టకు, లోపల చీలుతుంది, కొక్కేనికి తగిలించు.

అన్నిటికన్నా గట్టిగా చెప్పేది ఇది. పసిపిల్ల కదులుతోంటే "స్టూడెంటుంది కదా, పట్టుకో" అంటారు. నన్ను ఒక చోట ఏడాదంతా అలా పట్టించారు, ఏప్రాన్ కూడా ఒకటే ఉండేది, అది సీనియర్ గారిది. నువ్వు పట్టుకోకు. తండ్రికి ఏప్రాన్ తొడిగి పట్టుకోమను, తల్లి అయితే గర్భం లేదని అడిగాకే. పెద్దవాళ్ళకి ఎదురు చెప్పినట్టవుతుందని జంకకు, "సార్, తోడొచ్చినవాళ్ళని పిలుస్తాను" అని నవ్వుతూ తలుపు దగ్గరికి నడువు, అంతే.

బొమ్మ చూసి "ఏముందమ్మా?" అని అడుగుతారు, తెలుగువాళ్ళైతే మరీ చేతులు పట్టుకుని అడుగుతారు. నీకు కనిపించినా చెప్పకు, "డాక్టరుగారు చూసి చెబుతారు" అను. కానీ ఏదైనా ప్రమాదంలా కనిపిస్తే పేషెంటుని పంపించేముందు లోపలికెళ్ళి డాక్టరుకి చూపించు. స్కానింగులో ఆడా మగా అన్నది నోటి నుంచే కాదు, ముఖంలో కూడా కనపడనివ్వకు, పుట్టబోయే బిడ్డ ఆడో మగో చెప్పకూడదన్న 1994 చట్టం ప్రకారం జైలే.

హాస్టల్లో తిండి బాగోలేదని మీ అమ్మ అంది. ఆదివారం పెరంబూరు రా, చేపల పులుసు చేస్తా. నా పాత సీసం మార్కర్లు, ఆర్ ఒకటి, ఎల్ ఒకటి, వెతికి తీసి పెట్టాను. ఎల్ మూల కొంచెం విరిగింది కానీ బొమ్మలో బాగానే కనిపిస్తుంది. తీసుకెళ్ళి కోటు జేబులో వేసుకో.

పెద్దమ్మ